ధర పెరిగాక వచ్చిన పరీక్ష: ఒక విశ్వాసి కుటుంబం, 167 గజాల ప్లాటు

గుంటూరు వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిని. సేవలోకి రాకముందు కొన్నేళ్ళు బ్యాంకులో లోన్ల సీట్లో పనిచేశాను. అందుకే అప్పుల్లో చిక్కుకున్న కుటుంబాలను తోటి పాస్టర్లు నా దగ్గరికి పంపుతుంటారు. ఈ కేసు మాత్రం మా సంఘంలోదే. ఆ భార్యాభర్తల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. డబ్బు విషయం ఎత్తడానికి మొహమాటపడే పాస్టర్లకు, సంఘాల్లో కౌన్సెలింగ్ చేసేవాళ్ళకు పనికొస్తుందనే ఉద్దేశంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయన ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఒక్కతే కూతురు, అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం. ముత్తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస కూడిక, ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన, ఏదీ తప్పరు. సండే స్కూల్ బాధ్యత కూడా మాస్టారిదే.

రొట్టె పక్కకి అందించిన మనిషి

2023 ఆగస్టులో ఆమె ఒక్కరే వచ్చారు. అప్పుల మాట ఎత్తలేదు. "అయ్యగారూ, మే నెల నుంచి నేను బల్ల తీసుకోవట్లేదు. రొట్టె నా దాకా వస్తే పక్కవాళ్ళకి అందించేస్తున్నాను" అన్నారు. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం ఉంటుంది, బల్ల అంటే అదే. పళ్ళెం చేతులు మారుతూ వెళ్తుంది కాబట్టి ఎవరు తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో వేదిక మీద నుంచి కనపడదు.

ఏప్రిల్ ఆఖర్లో ఆడపడుచు కొడుకు పెళ్ళి. ఈమె వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు పెట్టుకుని వెళ్ళారు. ఆడపడుచు ఇట్టే పట్టేసి "నీ హారం ఏది?" అంటే, "లాకర్లో ఉంది వదినా, పెళ్ళి సందట్లో ఎందుకులే అని తేలేదు" అన్నారు. నగలు లాకర్లో లేవు. ఐదేళ్ళుగా బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారం బల్ల ముందు "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న వాక్యం చదువుతుంటే చెయ్యి వెనక్కి వచ్చేసిందట.

మన సంఘాల్లో అప్పు అప్పు పేరుతో రాదు. నిద్ర పట్టట్లేదని వస్తుంది, ప్రార్థన చేయలేకపోతున్నానని వస్తుంది, బీపీ పెరిగిందని వస్తుంది. "ప్రార్థన చేయండి అయ్యగారూ" అంటారు, మనం తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపేస్తాం. దేని గురించి ప్రార్థిస్తున్నామో అడగం. ఆమెను కూర్చోబెట్టి అడిగితే తాకట్టు సంగతి, దాని వెనక ప్లాటు సంగతి బయటికి వచ్చాయి.

ఆమె ఆలోచన ఏమిటంటే, నగలు విడిపించుకుంటే ఆ అబద్ధం దానంతటదే పోతుంది. "విడిపించాక మీ వదినగారికి నిజం చెబుతారా అమ్మా?" అని అడిగాను. "అప్పుడిక చెప్పాల్సిన పని ఉండదుగా అయ్యగారూ" అన్నారు. ఆ జవాబు నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వస్తువు తిరిగొస్తే మనసు సర్దుకుంటుందన్న నమ్మకం ఈ ఇంట్లో ఒక్క నగల విషయంలోనే లేదని తర్వాత తెలిసింది.

ఇంటి లెక్క

రెండో సారి ఇద్దరినీ రమ్మన్నాను, బ్యాంకు పాస్‌బుక్కులు, కాగితాలు అన్నీ పట్టుకుని. మాస్టారు మొదట ఇష్టపడలేదు. "వాక్యం చెప్పండి అయ్యగారూ, లెక్కలెందుకు" అన్నారు. లూకా 14లో గోపురం కట్టించదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు కదా అంటే నవ్వి కాగితాలు తీశారు.

చేతికొచ్చేది ఆయనకు 70,000, ఆమెకు 24,000. మొత్తం 94,000. ఫ్లాటు మీద 35 లక్షల హోమ్ లోన్, 8.75 శాతం, 20 ఏళ్ళు. నెలకు 30,930. కారు మీద 8 లక్షలు, ఏడేళ్ళు. నెలకు 13,075. ఐదు లక్షల చీటీ ముందే పాడుకున్నారు, చేతికి వచ్చింది 3,60,000. నెలనెలా కట్టాల్సింది 10,000. ప్లాటు కోసం బయట తెచ్చిన 6 లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు 12,000. సంఘానికిచ్చే దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, 9,400. గోల్డ్ లోన్ వడ్డీ ఏడాదికోసారి కట్టి తిరగరాయించుకుంటున్నారు, నెలకు వేసుకుంటే 4,000. ఇవన్నీ పోగా మిగిలేది పద్నాలుగు వేల చిల్లర. అందులో తిండి, పెట్రోలు, మందులు, కూతురి కాలేజీ ఫీజు. చాలనిది క్రెడిట్ కార్డు మీద పడుతోంది. కార్డు మీద లక్షా నలభై వేలు నిలిచి ఉంది, నెలకు మూడున్నర శాతం వడ్డీ. కట్టేది మినిమమ్ డ్యూ మాత్రమే.

రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి 24 శాతం. 2018 నుంచి అప్పటికి ఐదేళ్ళలో కట్టిన వడ్డీ 7 లక్షల 20 వేలు. అసలు 6 లక్షలు ప్రోనోటు మీద అలాగే కూర్చుని ఉంది. ఈ అంకె కాగితం మీద చూసినప్పుడు ఆమె భర్త వైపు తిరిగి, "నాలుగు లక్షలే అన్నారు కదండీ" అన్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మిగతా రెండు లక్షల సంగతి ఆమెకు తెలిసింది ఆ రోజే.

ప్లాటు కథ ఈ ప్రాంతం వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగాక చుట్టుపక్కల వెంచర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. మాస్టారు 2018 మార్చిలో తాడికొండ వైపు 167 గజాలు, గజం 9,000 చొప్పున 15 లక్షలకు కొన్నారు. నాలుగు లక్షలు దాచుకున్నవి, ఐదు లక్షలు భార్య నగల మీద, ఆరు లక్షలు ప్రోనోటు మీద. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత ఆరు వేలకిస్తామన్నా అడిగేవాడు లేడు.

ఇంట్లో హాలు గోడ మీద ఫ్రేము కట్టించిన వాగ్దాన కార్డు ఉంది. 2017 డిసెంబరు 31 రాత్రి కూడికలో ఆయన తీసుకున్నది. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలోని మాట: "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు." ఆ వాగ్దానం పట్టుకునే మూడు నెలల్లో 11 లక్షలు అప్పు చేశారు. ఇది నేనన్న మాట కాదు, ఆయనే ఒకరోజు నవ్వుతూ అన్నారు. కానీ అంత దూరం రావడానికి నెలలు పట్టింది.

ఎవరు చూడాలని కొన్నారు

ఇలాంటి కుటుంబం ఎదురైనప్పుడు వెంటనే చేతికొచ్చే వాక్యం ఒకటుంది: "ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము." నేను దాన్ని తీయలేదు. మాస్టారికి అది కంఠతా వచ్చు, సండే స్కూల్ పిల్లల చేత వల్లెవేయించిన మనిషి. పైగా ఆయన దురాశపరుడు కాదు. తాగుడు లేదు, సరదాలు లేవు, ఆరేళ్ళుగా అదే ఫోను. అటువంటి మనిషి ఇంత అప్పులో ఎందుకు పడ్డాడన్నది నాకు కావాల్సింది.

అందుకని ఒక్కొక్క వస్తువు గురించి ఒకే ప్రశ్న అడిగాను: ఇది ఎవరు చూడాలని కొన్నారు?

ఫ్లాటు గురించి అడిగితే, చాలాకాలం కిందట చనిపోయిన తాత పేరు చెప్పారు. ఆ తాత ప్రకాశం జిల్లాలో ఒక మోతుబరి ఇంట్లో పాలేరు. పెద్దవీధిలోకి వస్తే చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన కులం. మనవడు ఇప్పుడు లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాడు, తలుపు మీద తన పేరుంది. దీన్ని వస్తువ్యామోహం అని కొట్టిపారేయడం నాకు చేతకాదు. మన దగ్గర "ఉన్నదాంతో తృప్తిపడు" అన్న మాట ఎక్కువగా ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు చెప్పిన మాట. తాతకి కూలి గింజలు కొలిచినవాళ్ళు కూడా అదే చెప్పారు. బైబిల్లో అపొస్తలుడు పౌలు ఆ మాట రాసింది అలా కాదు. బంధకాల్లో ఉండి, తన గురించి తను రాసుకున్నాడు. పల్లెల నుంచి వచ్చిన మన కుటుంబాలతో తృప్తి గురించి మాట్లాడే పాస్టరు ముందు ఈ తేడా తేల్చుకోకపోతే మన నోటి నుంచి వచ్చేది మోతుబరి మాటే అవుతుంది. ఫ్లాటు జోలికి వెళ్ళకూడదని ఆ రోజే అనుకున్నాను.

కారు గురించి ఆయన చెప్పలేదు, భార్య చెప్పారు. "మా తోడికోడలు వాళ్ళకి కారు లేదు, ఆయనకి వాళ్ళతో గొడవ లేదు. మా చెల్లెలి మొగుడికి ఉంది." హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ తోడల్లుడు సంక్రాంతికి కారేసుకుని అత్తగారింటికి వచ్చాడు. ఆ ఏడాదే వీళ్ళింటికీ కారు వచ్చింది.

నగలు కూతురి కోసం. కట్నం అడగని సంబంధం దొరికినా "పిల్లకి పెట్టేది" ఉండాలి కదా అన్నారు ఆమె. క్రైస్తవ పెళ్ళిళ్ళలో కట్నాల సంగతి ఇంకో కేసు స్టడీకి సరిపడా ఉంది, ఇక్కడ వదిలేస్తున్నాను.

ప్లాటు ఎవరు చూడాలని? మాస్టారు కాసేపు ఆలోచించి "సంఘం" అన్నారు.

ఈ కేసుకి తాళం చెవి అక్కడ దొరికింది. కారు కొన్న ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పారు. పాత బండి మీద తిరిగేవాణ్ణి ప్రభువు కారు ఎక్కించాడు అన్నారు, అందరూ హల్లెలూయ అన్నారు. ప్లాటు రిజిస్ట్రేషన్ అయినప్పుడూ అంతే. "ఈ నెల కిస్తీ కట్టగలిగాం" అని సాక్ష్యం చెప్పినవాళ్ళను నేను చూడలేదు. మన సంఘాల్లో వస్తువు దేవుడి సంతకం అయిపోయింది. నగలు పెట్టుకోవడం పాపమని బోధించే సంఘాల్లో కూడా ఆశ తగ్గలేదు, ప్లాట్ల వైపు తిరిగింది అంతే.

కారు అమ్మే మాట వచ్చినప్పుడు మాస్టారు అడిగిన ప్రశ్న ఇది: "సాక్ష్యం చెప్పిన కారు అమ్మితే దేవుడికి చెడ్డపేరు కాదా అయ్యగారూ?" వెటకారం కాదు, నిజంగా అడిగారు. ఆయన్ని పట్టుకున్నది వస్తువు మీద ప్రేమ కాదు, వస్తువు పోతే దేవుడు తనను వదిలేశాడని నలుగురూ అనుకుంటారన్న భయం. తనే అలా అనుకుంటానేమోనన్న భయం కూడా.

సోషల్ మాస్టారు కాబట్టి ఆయన పాఠమే ఆయన్ని అడిగాను. "ధాత కరువులో క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఎందుకు ఆపారు మాస్టారూ?" ఆయన ముత్తాత ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మం పొందిన తరం వాడు, ఆ కథ ఇంట్లో విని పెరిగారు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం కోసం వచ్చారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తెలియాలని, కరువు సాయం ముగిసేదాకా ఆగాడు. ఆ తర్వాత కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

"అన్నం ఆగిపోయాక కూడా వచ్చారు" అని మాస్టారే ముగించారు. నేను దానికి ఏమీ కలపలేదు. వారం తర్వాత ఫోన్ చేసి కారుకి బేరం చూడమన్నారు.

దశమభాగం గొడవ

ఇది చెప్పకుండా దాటేస్తే కేసు సగమే చెప్పినట్టు. క్రెడిట్ కార్డు మీద బియ్యం కొంటూ 9,400 దశమభాగం ఇస్తున్న ఇంటికి ఏం సలహా ఇవ్వాలి? అప్పు తీరేదాకా తగ్గించి ఇవ్వండి, ఎంత ఇస్తున్నారో నాతో సహా ఎవరికీ చెప్పొద్దు అన్నాను. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే యిచ్చినది ప్రీతికరమవును" అని రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో ఉంది. వడ్డీకి తెచ్చి ఇస్తే అది వడ్డీ వ్యాపారి ఇచ్చిన కానుక అవుతుంది.

మా సంఘ పెద్దల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. దశమభాగం పూర్తిగా తెమ్మనే మలాకీ మూడో అధ్యాయం తీశారు. ఆకాశపు వాకిళ్ళు విప్పుతాననే వాగ్దానం ఉంటే మనం తలుపు మూయడమేమిటి అన్నారు. వాళ్ళ మాట పూర్తిగా తీసిపారేయను. ఇవ్వడం ఆగిపోయిన చేతికి మళ్ళీ ఇవ్వడం కష్టమవుతుంది, అది నేనూ చూశాను. అందుకే ఆపమనలేదు, తగ్గించమన్నాను. ఈ భేదాభిప్రాయం మా మధ్య ఇప్పటికీ ఉంది.

సంఘంలో మాత్రం రెండు పనులు చేయగలిగాం. కోతకాలపు పండుగలో ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదవడం మానేశాం. కొత్త బండి, కొత్త ఇల్లు సమర్పణ ప్రార్థన ఆదివారం ఆరాధనలో కాకుండా వాళ్ళింటి దగ్గరే చేస్తున్నాం. రెండోదానికి కొందరు నొచ్చుకున్నారు. ఒక కుటుంబం వేరే సంఘానికి వెళ్ళిపోయింది.

కారు పోయింది, రొట్టె తిరిగొచ్చింది

2023 చివర్లో కారు 6 లక్షల 40 వేలకు పోయింది. లోన్ బాకీ 5 లక్షల 73 వేలు కట్టేస్తే 67,000 మిగిలింది. అది క్రెడిట్ కార్డుకి వేశారు. నెలకి ఆదా అయిన 13 వేలు కూడా కార్డుకే పోశారు. 2024 వేసవికి కార్డు సున్నాకి వచ్చింది.

కూతురికి కోపం వచ్చింది. ఆ పిల్లతో ఎవరూ మాట్లాడలేదు, ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి కారు లేదు. "నాన్న కొన్నప్పుడు దేవుడిచ్చాడన్నారు, అమ్మినప్పుడు కూడా దేవుడే అంటున్నారు" అని నాతో అంది. ఆ మాటకి నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు, చెప్పే ప్రయత్నమూ చేయలేదు. ఇంటి లెక్క మాట్లాడే రోజున ఆ పిల్లను కూడా కూర్చోబెట్టమని తల్లిదండ్రులకు చెప్పాను.

తల్లి విషయం వేరే దారిలో నడిచింది. నగలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. కానీ 2023 నవంబరులో ఆడపడుచు ఇంటికి వెళ్ళి నిజం చెప్పేశారు. ఆవిడ అర్థం చేసుకుని కౌగిలించుకోలేదు. "మా తమ్ముడి పరువు తీశావు" అని కేకలేశారు, చుట్టాలందరికీ చెప్పారు. క్రిస్మస్ చుట్టాల మధ్య ఇబ్బందిగానే గడిచింది. అయినా డిసెంబరు మొదటి ఆదివారం ఈమె రొట్టె తీసుకున్నారు. నగలు లేకుండానే, పరువు పోయాక.

ఈ నెలల్లో వాళ్ళకి ఇచ్చిన అభ్యాసం చిన్నదే. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కొత్తగా ఏమీ అడగకుండా, ఆ రోజు వాడుకున్నవాటికి పేరుపేరునా కృతజ్ఞత చెప్పడం. నీళ్ళు, కరెంటు, స్కూటరు, పప్పు, డ్యూటీలో తోటి నర్సు చేసిన సాయం. అడగకుండా ప్రార్థించడం మాస్టారికి చాలా కష్టమైంది. మధ్యలో "ప్రభువా, ఆ ప్లాటు..." అని వచ్చేసేదట, కూతురు దగ్గేదట.

2024 జూన్

జూన్ 4న ఎన్నికల ఫలితాలొచ్చాయి. రాజధాని మళ్ళీ అమరావతే అని ఆ సాయంత్రానికే బ్రోకర్ల ఫోన్లు మొదలయ్యాయి. మాస్టారు ముఖం వెలిగిపోతూ వచ్చారు. "అయ్యగారూ, వాగ్దానం నెరవేరుతోంది." ఆరు వేలకి అడిగేవాడు లేని గజం, కొన్ని నెలల్లో పదమూడు వేలు పలికింది.

ఇంతవరకు నేర్చుకున్నదంతా లేమిలో నేర్చుకున్నది. ధర పడిపోయిన ప్లాటు మీద ఆశ వదులుకోవడం ఒక రకంగా తేలిక, పట్టుకోవడానికి అక్కడేమీ లేదు కాబట్టి. ఫిలిప్పీ నాలుగో అధ్యాయంలో పౌలు "దీనస్థితిలో ఉండ నెరుగుదును" అని ఆగలేదు, "సంపన్నస్థితిలో ఉండ నెరుగుదును" అని కూడా అన్నాడు. మనం ప్రసంగాల్లో మొదటి సగమే చెబుతాం. రెండో సగం నేర్చుకోవాల్సిన విద్య అని అనుకోం, దీవెన అనుకుంటాం.

ఆమె అమ్మేద్దామన్నారు. ఆయన రెండేళ్ళు ఆగుదామన్నారు. నేను లెక్క వేశాను. ఆగితే ప్రోనోటు వడ్డీ, గోల్డ్ లోన్ వడ్డీ కలిపి నెలకు 16,000, ఏడాదికి లక్షా 92 వేలు ఖర్చు. గజానికి మూడు వేలు పెరిగినా ఐదు లక్షలు లాభం. అంటే లెక్క ఆయన వైపే ఉంది. ఇది నేను దాచలేదు. అమ్మమని దేవుడు చెబుతున్నాడని చెప్పే అధికారం నాకు లేదు. ఆగితే నష్టపోతారని భయపెట్టడం అబద్ధం అవుతుంది. నష్టం భయంతో వచ్చిన తృప్తి, లాభం కనపడగానే పోతుంది కూడా.

ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చాను. ఎంత వస్తే చాలు అంటారో రాయమన్నాను, ఒకరిది ఒకరు చూడకుండా. ఆమె వెంటనే రాశారు: 11 లక్షలు. అప్పు ఎంతో అంత. మాస్టారు గజం 16,000 అని రాసి, కొట్టేసి 20,000 రాశారు. కాసేపాగి దాన్నీ కొట్టేసి 25,000 అని రాశారు. పెన్ను కింద పెట్టి ఆ మూడు అంకెలు చూస్తూ కూర్చున్నారు. "ఇంకో అరగంట ఇస్తే ముప్పై రాసేవాణ్ణి" అన్నారు.

లూకా 12లో ధనవంతుడి కొట్ల ఉపమానం ఆయనే ఎత్తారు. ఆ మనిషి పంట బాగా పండిన సంవత్సరంలో చిక్కుకున్నాడు, కరువులో కాదు అన్నారు. నేను బోధించాల్సింది ఆ పూట ఏమీ మిగల్లేదు.

అయినా నిర్ణయానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి సగం అమ్ముతానన్నారు, 167 గజాల్లో సగం ఎవరు కొంటారని భార్య అడిగారు. అక్టోబరులో గజం 13,000 చొప్పున 21 లక్షల 71 వేలకు అమ్మారు. బ్రోకరేజీ, పన్ను పోను 20 లక్షల పైన చేతికొచ్చింది. ప్రోనోటు చింపించారు. నగలు విడిపించారు. ఆరు లక్షలు హోమ్ లోన్ అసలుకి కట్టారు. మిగిలినదాంట్లో కూతురి చదువుకి కొంత, కానుకగా కొంత. ఆ కానుక ఎంతో నాకు తెలియదు, అలాగే ఉండాలి.

నగల దగ్గర ఇంకో మలుపు ఉంది. 2018లో తాకట్టు పెట్టినప్పుడు ఆ 230 గ్రాముల విలువ ఆరున్నర లక్షల పైచిలుకు. విడిపించేనాటికి పదహారు లక్షలు దాటింది. రాజధాని ప్లాటు ఆరేళ్ళలో ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, దాని కోసం తాకట్టుకి వెళ్ళిన నగలు రెండున్నర రెట్లయ్యాయి. ఈ లెక్క నేను వేయలేదు, మాస్టారే వేసుకుని ఫోన్ చేశారు. అదే వారంలో నగలు విడిపించిన బ్యాంకు నుంచే ఆమెకి మెసేజ్ వచ్చింది, ఇప్పుడు అవే నగలకి రెట్టింపు లోన్ ఇస్తామని. డిలీట్ చేశానన్నారు. అలాంటి మెసేజ్‌లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు

2025 మే 2న ప్రధాని వచ్చి అమరావతి పనులు తిరిగి ప్రారంభించారు. స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లు మాస్టారిని "తొందరపడ్డావు" అంటున్నారు. ఆయనకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవట్లేదని నటించరు. ఒకరోజు పని మీద తాడికొండ వెళ్ళి, ఆ వెంచర్ గేటు దగ్గర బండి ఆపి ధర అడిగి వచ్చానని చెప్పారు. ఎంతన్నారని నేను అడగలేదు. బల్ల దగ్గర ఆయన పక్కనే భార్య కూర్చుంటున్నారు, నిద్ర మాత్ర మానేశారు, నెలాఖరున లెక్క ముగ్గురూ కూర్చుని చూస్తున్నారు. వాగ్దాన కార్డు గోడ మీదే ఉంది, తీసేయమని నేను అనలేదు.

జూలైలో కూతురి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. ఈఎపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకి కన్వీనర్ కోటాలో ఒక మామూలు కాలేజీ వస్తుంది. పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకి నగల మీద లోన్ తీసుకుందామని మాస్టారు అన్నారు. ఈసారి నా దగ్గరికి రాలేదు. ఇంట్లోనే మూడు కాగితాలు తీసుకుని ఎవరికి వాళ్ళు రాసుకున్నారు. పిల్ల కన్వీనర్ కోటా కాలేజీ పేరు రాసింది, కింద "హాస్టల్‌లో ఏసీ లేకపోయినా ల్యాప్‌టాప్ మాత్రం కావాలి" అని కూడా రాసింది. తల్లి ల్యాప్‌టాప్ ఖరీదు అడిగారు. తండ్రి ఇంకా ఒప్పుకోలేదు.

సీటు అలాట్‌మెంట్ అయ్యాక ముగ్గురూ వస్తామన్నారు.